హస్కీ కుక్కను మిద్దె మీద కట్టేస్తారా?

సంపాదకులకు నమస్కారం.

మే నెలలో విజయవాడ ఎండ 45 డిగ్రీలు తాకడం మనకు కొత్త కాదు. అయినా మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద కుక్కల్ని నడిపిస్తూనే ఉన్నారు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పుతూనే వేడిని వదిలించుకోవాలి. చప్పిడి మూతి పగ్ జాతి కుక్కకు ఆ రొప్పడమే కష్టం. ఇక చలిదేశపు హస్కీని ముచ్చటపడి కొని, మిద్దె మీద కట్టేసేవాళ్లను ఏమనాలి?

మామూలుగా 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండే కుక్క ఒళ్లు 105 దాటితే ప్రాణం మీదికొస్తుంది. విపరీతంగా రొప్పుతూ, చొంగ కారుస్తూ తూలుతుంటే వెంటనే నీడకు చేర్చి, కుళాయి నీళ్లతో తడిపి, ఫ్యాన్ గాలి తగిలించి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. స్పృహ తప్పితే నోట్లో నీళ్లు పోయొద్దు.

వేసవిలో ప్రభుత్వ పశువైద్యశాలల్లో మధ్యాహ్నం పూట అత్యవసర వైద్యం తప్పక అందేలా పశుసంవర్ధక శాఖ చూడాలి.

– ఒక పాఠకురాలు, విజయవాడ