పసిబిడ్డల పాల గురించి మీరు పంపే సందేశంపై ఫిర్యాదు

కడప

విమాన సంస్థ కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: కువైట్ టికెట్లతో వచ్చే లగేజీ సందేశంలో తప్పు సూచనలు

అయ్యా,

మేం కడపలో గల్ఫ్ టికెట్లు బుక్ చేసే ఏజెంట్లం. టికెట్ తీసుకోగానే మీ నుంచి ఫోన్‌కు వచ్చే సందేశంలో రెండు మాటలున్నాయి: 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలన్నీ చెక్-ఇన్ లగేజీలో వేయమని, బిడ్డ పాలు ఇంట్లోనే కలిపి తెచ్చుకోమని. మొదటిది సగమే నిజం. రెండోది ప్రమాదం.

అంతర్జాతీయ విమానాల్లో 100 మి.లీ. హద్దు ఉంది. సీసాలో ఎంత మిగిలిందని కాదు, సీసా ఎంత పడుతుందనేదే లెక్క. అయితే బిడ్డ వెంట ఉన్నప్పుడు దారికి సరిపడా పాలకు, నీళ్లకు ఆ హద్దు లేదు. నాలుగు నెలల బిడ్డకు ఒక్క పూటకే 120 నుంచి 150 మి.లీ. కావాలి మరి! మీ మాట నమ్మినవాళ్లు ఫ్లాస్కు, పాలపొడి డబ్బా సూట్‌కేసులో వేసేస్తారు. ట్యాగు పడ్డాక అవి మళ్లీ చేతికొచ్చేది కువైట్‌లోనే.

కలిపిన పాలు బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు. రాజంపేట, రేణిగుంట మీదుగా చెన్నై ఎయిర్‌పోర్టు చేరేసరికే ఐదారు గంటలవుతుంది. అక్కడికి మూడు గంటల ముందే రమ్మనేదీ మీరే. పాలపొడిలో క్రిములు ఉండొచ్చు కాబట్టి 70 డిగ్రీలకు తగ్గని వేడి నీళ్లతో, తాగించే ముందే కలిపి, చల్లార్చి పట్టాలి.

కాబట్టి సందేశంలో ఉండాల్సింది ఇది: అర లీటరు ఫ్లాస్కులో మరిగిన నీళ్లు, పూటకొక చిన్న డబ్బాలో కొలిచిన పొడి, కడిగి ఉడికించిన ఖాళీ సీసాలు, అన్నీ చేతిసంచిలో పైనే. స్టీలు ఫ్లాస్కు లోపల ఏముందో సెక్యూరిటీ తనిఖీ స్కానర్‌లో సరిగా తెలియదు, మూత తీయమంటారు. ముందే ట్రేలో విడిగా పెడితే సంచంతా విప్పే పని తప్పుతుంది. మూత తల్లే తీయాలి, ఫ్లాస్కు మూతికి ఎవరి వేలూ తగలకూడదు. బిడ్డను మోసే క్యారియర్‌ను స్కానర్ బెల్టు మీద పెట్టాలి, బిడ్డ మాత్రం చేతుల్లోనే.

విమానంలో వేడినీళ్లు అడగండి అనడం చాలదు. దిగే ముందు మీ సిబ్బంది కూడా సీట్లలో కూర్చుని ఉంటారు. చెవులు పట్టేసి బిడ్డ ఏడ్చేదీ అప్పుడే, సీసా చీకితేనే కాస్త ఊరట.

బిడ్డ టికెట్ ఉందని మీ సిస్టమ్‌లో కనబడుతూనే ఉంటుంది. అలాంటివాళ్లకు ఈ సూచనలు తెలుగులో పంపండి. "పాల సామాను చేతిలోనే ఉందా?" అని ట్యాగు వేసే ముందు కౌంటర్లో ఒక్కమాట అడిగించండి. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాం.

ఇట్లు,
కడప టికెట్ ఏజెంట్లు