తవిటికి, తంపర నల్లమట్టి గురించి

టెక్కలి,
ఆదివారం.

ఒరే తవిటీ,

నీ ఉత్తరం చదివాను. ఉప్పుటేరు పక్కన తంపరలో, అంటే పోటు నీరు ఎక్కి దిగే ఉప్పు చిత్తడిలో, ఉన్న మీ పల్లం ముక్కని రొయ్యల చెరువులకి లీజుకి అడుగుతున్నారనీ, చిన్నాన్న నీ మాట కోసం చూస్తున్నాడనీ రాశావు. "ఎలాగూ పనికిరాని నల్లబురదే కదా, ఇచ్చేద్దామా" అని అడిగావు. నా మాట ముందే చెప్పేస్తున్నాను: ఇవ్వకు. ఎందుకో చెప్పాలంటే ఉత్తరం కాస్త పొడుగవుతుంది. రోటర్‌డామ్‌లో నీకు సెలవు రోజు చూసుకుని తీరిగ్గా చదువు.

నీ ఉత్తరం రాగానే చిన్నాన్నతో కలిసి పాటు వేళకి అక్కడికి వెళ్లాను. నీరు తీసిపోయాక కాలు పెడితే మడమ దాకా దిగిపోతోంది. ఎర్రబారిన కాడల ఉప్పుమొక్కలు, గట్టు వార మడచెట్లు, వాటి మధ్య పీతల బొక్కలు. పారతో నిలువుగా ఒక ముక్క కోసి తీసి చూశాం. పైన జానెడు మందం అంతా వేళ్లే. నలుపూ గోధుమా కలిసిన రంగు. పట్టుకుంటే తడిసిన పాత గోనెపట్టాలా ఉంది. గుప్పిట్లో పెట్టి పిండితే వేళ్ల సందుల్లోంచి మురికి నీళ్లు కారాయి, పీచు చేతిలోనే మిగిలింది. దాని కింద నీలం కలిసిన బూడిద రంగు జిగటమట్టి. కుళ్లిన కోడిగుడ్ల వాసన. చిన్నాన్న ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం ఆ వాసన కోసమే వెళ్లాను.

గుప్పిట్లో పిండి చూడడం నా సొంత పద్ధతి కాదులే. స్వీడన్‌లో ఫాన్ పోస్ట్ అనే ఆయన 1922లో దీనికి పది మెట్ల కొలత ఒకటి తయారుచేశాడు. నీళ్లు తేటగా వస్తే మొక్కల పీచు ఇంకా కుళ్లలేదని, మట్టంతా వేళ్ల మధ్యలోంచి జారిపోతే పూర్తిగా కుళ్లిందని లెక్క. ఇప్పటికీ పొలంలో నిలబడి చేసే పరీక్షల్లో నాకు దీని మీదే ఎక్కువ నమ్మకం.

ఇప్పుడు ఆ జానెడు పొర సంగతి. మన మెట్టలో ఆకు రాలితే ఒకటి రెండు వానలకి కుళ్లి మాయమైపోతుంది. మన వైపు పొలాల మట్టి పరీక్ష కార్డులో సేంద్రియ కర్బనం, అంటే చచ్చిన మొక్కల నుంచి మట్టిలో చేరే కర్బనం, 0.75 శాతం దాటితే "ఎక్కువ" అని రాస్తాం. చాలా పొలాలు అర శాతం దగ్గరే ఆగిపోతాయి. అదే సేంద్రియ నేల అని పేరు పెట్టాలంటే కర్బనం కనీసం 12 శాతం ఉండాలి, బంకమట్టి ఎక్కువగా కలిసిన చోట 18 శాతం దాకా ఉండాలి. అంత తేడా ఎక్కడ నుంచి వస్తుందంటే, నీటి నుంచి. సముద్రం రోజుకి రెండు పోట్లు పెడుతుంది. ఆ తడితో మట్టి సందులన్నీ నీటితోనే నిండి ఉంటాయి, గాలి దూరదు. గాలి లేకపోతే కుళ్లుడు నెమ్మదిస్తుంది. చచ్చిన వేరు చచ్చిన చోటే ఉండిపోతుంది, దాని పైన కొత్త వేరు పుడుతుంది, పోటు తెచ్చిన ఒండ్రు వాటి మధ్య చిక్కుకుంటుంది. నేల తనను తానే కాస్త కాస్తగా పైకి ఎత్తుకుంటుంది. సముద్ర మట్టం పెరిగితే దాంతోపాటే పెరుగుతుంది. అమెరికాలో కేప్ కాడ్ దగ్గర బార్న్‌స్టబుల్ అనే ఉప్పు చిత్తడిని రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి తవ్వి చూసి 1972లో రాశాడు. నాలుగు వేల ఏళ్లుగా ఆ గడ్డి వేళ్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ, పెరుగుతున్న సముద్రంతో సమానంగా లేచాయట. చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది.

మన ముక్క అంత గొప్పది కాదు, ఆ మాట నీకు దాచను. లెక్క ప్రకారం పైనుంచి 80 సెంటీమీటర్ల లోపల కనీసం 40 సెంటీమీటర్లు ఆ పీచుమట్టే ఉంటేనే సేంద్రియ నేల అంటారు. మనది జానెడే. ఎండ ఎక్కువ, ఏడాదిలో సగం రోజులు వాన ఉండదు, వంశధార వరదలొస్తే బంకమట్టి తెచ్చిపోస్తుంది. అందుకే మన తీరంలో పీచు పొర పలుచగానూ బంక పొర మందంగానూ ఉంటుంది. కానీ నీ లీజు సంగతికి వస్తే అసలు విషయం పై పొరలో లేదు. ఆ వాసన వేసే కింది పొరలో ఉంది.

సముద్రపు నీటిలో లీటరుకి 2.7 గ్రాముల దాకా సల్ఫేటు ఉంటుంది. గాలి లేని బురదలో బతికే బాక్టీరియా ఊపిరికి ఆక్సిజన్ బదులు ఆ సల్ఫేటుని వాడుకుంటాయి. తినడానికి చచ్చిన వేళ్లు ఎలాగూ ఉన్నాయి. అవి వదిలేదే ఆ కోడిగుడ్ల వాసన గ్యాసు, హైడ్రోజన్ సల్ఫైడ్. ఒండ్రులో ఉన్న ఇనుముతో అది కలిసి బురదని నల్లగా మారుస్తుంది, కాలం గడిచేకొద్దీ పైరైట్ అనే ఖనిజంగా గట్టిపడుతుంది. ఇందులో ఒక మేలు కూడా ఉంది. సల్ఫేటుతో బతికేవి ఎక్కువగా ఉన్నచోట మీథేన్ పుట్టించే సూక్ష్మజీవులకి తిండి మిగలదు. అందుకే మన వరిమడి వదిలినంత మీథేన్‌ని ఉప్పు చిత్తడి వదలదు. కర్బనాన్ని దాచుకుంటుంది, మీథేన్‌ని పెద్దగా వదలదు. 2011లో వచ్చిన ఒక ప్రపంచ లెక్కలో ఉప్పు చిత్తడి చదరపు మీటరుకి ఏడాదికి సగటున 218 గ్రాముల కర్బనాన్ని పాతిపెడుతోందని తేలింది. మన చోట ఎంతో కొలిస్తే గానీ చెప్పలేం కాబట్టి దాన్ని పట్టుకుని నిన్ను ఒప్పించాలని చూడను.

పైరైట్ తడిలో ఉన్నంతకాలం ఎవరి జోలికీ రాదు. చెరువు కోసం పొక్లెయిన్ దిగి ఆ మట్టిని ఎత్తి గట్టుగా పోసిందనుకో, ఎండకి ఆరి పగుళ్లు పడుతుంది, లోపలికి గాలి వెళ్తుంది. పైరైట్ కాస్తా సల్ఫ్యూరిక్ ఆమ్లం అవుతుంది, బ్యాటరీల్లో పోసేది అదే. గట్టు మట్టి మీద ఎండుగడ్డి లాంటి పసుపు రంగులో చారలు, మరకలు కనిపిస్తాయి. మొదటి వానకి ఆ ఆమ్లం ఇనుమునీ అల్యూమినియాన్నీ కడుక్కుని చెరువులోకి దిగుతుంది. రొయ్య మొప్పలకి ఇనుము తుప్పులా పడుతుంది. పెంకు గట్టిపడదు, మేత ముట్టదు. రైతు టెన్షన్‌తో సున్నం బస్తాల మీద బస్తాలు చల్లుతాడు. నీటికి చల్లిన సున్నం గట్టు లోపలికి పోదు కదా, తరువాతి వానకి మళ్లీ అదే కథ. లీజు గడువు అయ్యాక వాళ్లు మోటార్లు ఎత్తుకుని వెళ్లిపోతారు, ఆ గట్లు మాత్రం చిన్నాన్నకి మిగులుతాయి. ఆ నేలలో ఉప్పుమొక్క కూడా సరిగా లేవదు.

మీ మట్టి అలాంటిదేనా అని నాకు కూడా అనుమానం ఉంది కాబట్టే ఇంటికి తెచ్చి చూశాను. కొంచెం మట్టి మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసమని పొంగి, పొగ లేచింది. పీహెచ్ అంకె ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువని లెక్క; తీసినప్పుడు అది ఏడు దగ్గర ఉన్నది, పొంగు చల్లారాక మూడు కిందకి దిగిపోయింది. ఇది తొందర పరీక్ష. అసలు పరీక్ష ఇంకొకటి ఉంది. మట్టిని పలుచగా పరిచి, తడి ఆరకుండా చూస్తూ పదహారు వారాలు గాలి తగలనివ్వాలి. పీహెచ్ నాలుగుకి గానీ అంతకన్నా కిందకి గానీ దిగిందంటే ఇక సందేహం లేదు. ఆ పళ్లెం ఇప్పుడు మా వసారాలో ఉంది. మా గుంటలు దాని జోలికి పోకుండా కాపలా కాస్తున్నాను.

ఇది కొత్తగా కనిపెట్టిన భయం కాదురా. కేరళలో కుట్టనాడ్ వెళ్తే "కరి" నేలలని చూపిస్తారు. సముద్ర మట్టం కన్నా కింద, బొగ్గులా నల్లటి మట్టి, అందులో పాతకాలపు అడవి చెక్కముక్కలు. నీరు తోడి వరి వేసినప్పుడల్లా ఆ ఆమ్లంతో అక్కడి రైతులు తరాలుగా పోరాడుతున్నారు. మంచినీటితో కడగడం, సున్నం వేయడం, మళ్లీ కడగడం. అంత ఓపిక, అంత కాలువల ఏర్పాటు మన దగ్గర ఎవరికుంది?

ఇక నువ్వున్న దేశం సంగతి. మీ ఆఫీసులో ఎవరిని అడిగినా చెబుతారు, నెదర్లాండ్స్‌లో నాలుగో వంతు నేల సముద్ర మట్టం కన్నా కిందే ఉందని. అది ముందు నుంచీ అలాగే ఉందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. వెయ్యేళ్ల కిందట మొదలుపెట్టి పీట్ నేలల నుంచి, అంటే కుళ్లని మొక్కల పీచు మందంగా పేరుకున్న నేలల నుంచి, నీళ్లు తీసేశారు, వంటచెరుకు కోసం తవ్వుకున్నారు. నీరు తీసేస్తే పీట్ కుంగుతుంది, గాలి తగిలి నెమ్మదిగా కాలినట్టే తరిగిపోతుంది. నేల కుంగింది, ఇంకా లోతు కాలువలు తీశారు, ఇంకా కుంగింది. కాలిఫోర్నియాలో సాక్రమెంటో డెల్టా దీవుల్లోనూ ఇదే జరిగింది. అక్కడ కొన్ని చోట్ల పొలం సముద్ర మట్టానికి ఏడు మీటర్ల కిందకి దిగిపోయింది.

ఉప్పు దగ్గరే పుట్టినవాడివి కాబట్టి నీకు ఇంకొకటి చెప్పాలి. మన నౌపడలో సముద్రపు నీటిని మళ్లకి పెట్టి, ఎండకి ఆరబెట్టి ఉప్పు తీస్తారు. మీ నెదర్లాండ్స్ తీరంలోని జీలాండ్‌లో ఆ ఎండ ఎక్కడిది? వాళ్లు మధ్యయుగాల్లో ఏం చేశారంటే, సముద్రపు నీరు ఇంకిన పీట్‌ని తవ్వి, ఆరబెట్టి, కాల్చి, ఆ బూడిదని ఉప్పునీటిలో కలిపి కాచి ఉప్పు తీశారు. కరకట్టల పక్కనే తవ్వుకుంటూ పోయారు. నేల లోతయింది, కట్టలు బలహీనపడ్డాయి. చివరికి 16వ శతాబ్దంలో అయిదో చార్లెస్ చక్రవర్తి ఆ తవ్వకాన్ని నిషేధించాల్సి వచ్చింది. అప్పటికే జరగాల్సిన నష్టం చాలా జరిగిపోయింది. బెల్జియం సరిహద్దులో సాఫ్టింగె అనే చోటుంది, రోటర్‌డామ్ నుంచి ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. ఒకప్పుడు ఊళ్లూ పొలాలూ ఉన్న నేల. 1570 వరదలో చాలా భాగం మునిగింది. 1584లో యుద్ధం కోసం మిగిలిన కట్ట కూడా తెగగొట్టారు. ఇప్పుడు దాదాపు 3,500 హెక్టార్ల ఉప్పు చిత్తడి, పోటు వస్తుంది, పోతుంది, పక్షులు లెక్కలేనన్ని. గైడ్‌తోనే వెళ్లాలి, ఒంటరిగా దిగొద్దు, పోటు వేగంగా వస్తుంది. అక్కడ నిలబడి వాసన చూడు. మన ఉప్పుటేరు వాసనే.

చిన్నాన్నకి డబ్బు అవసరం ఉందని నాకు తెలుసు. చెల్లి పెళ్లి మాఘమాసంలో పెట్టుకుందామంటున్నారు. ఉత్త నీతులు చెప్పి ఆయన చేతిలో ఏమీ లేకుండా చేయడం నాకు ఇష్టం లేదు. అందుకే ఒక మాట ఆలోచించాను. మీ ముక్కలో పైవైపు ఇసుక దిబ్బ ఉంది చూడు, అక్కడ జీడిచెట్లు సగం తుపానులకే పోయాయి. ఆ దిబ్బ మీద సరుగుడు వేస్తే నాలుగైదేళ్లకి నరకొచ్చు. లేదా ఆ దిబ్బనే వేరుగా కౌలుకి ఇవ్వొచ్చు. పల్లాన్ని మాత్రం వదిలేయండి. పెళ్లికి తక్కువ పడేది నువ్వు సర్దగలవేమో చూడు, నేనూ కొంత సర్దుతాను. చెల్లి నాకు మాత్రం పరాయిదా?

చట్టం సంగతి కూడా ఒకటుంది. 2019 తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లో ఉప్పు చిత్తడి నేలలనీ మడ అడవులనీ అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న తరగతిలో పెట్టారు. లీజుకి అడిగేవాళ్లు "కాగితాలు మేం చూసుకుంటాం" అంటారు. కేసు పడితే పట్టా మీద ఉన్న పేరు చిన్నాన్నది.

ఇంకొకటి, ఇది నా ఆశ మాత్రమే. మీ తాతగారి కాలంలో వేసిన పాత గట్టు ఒకటి ఆ పల్లానికి తూర్పున ఉంది. దాని వల్ల లోపలి సగానికి అమావాస్య, పున్నమి పోట్లు తప్ప మామూలు పోటు చేరడం లేదు. అక్కడ మట్టి పైన తెల్లగా ఉప్పు పేరుకుని, మొక్క లేకుండా పోయింది. గట్టుకి రెండు చోట్ల గండి పెడితే పోటు మామూలుగా లోపలికి వస్తుంది. ఒండ్రు వస్తుంది, విత్తనాలు కొట్టుకొస్తాయి. తేలినీలాపురం గూడబాతులు మేతకి ఈ చిత్తడినేలల మీదే కదా తిరుగుతాయి. పల్లెవాళ్లు ఇప్పటికే అక్కడ పీతలు పట్టుకుంటున్నారు, ఇంకా దొరుకుతాయి. ఎదురుగా మూలపేటలో పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి, ఈ తీరం రూపు మారిపోతోంది. మారని ముక్క ఒకటి మీ చేతిలో ఉంది.

లీజువాళ్లు అడ్వాన్సుతో వచ్చే వారం వస్తారట. చిన్నాన్న నా మాట కన్నా నీ మాటకే విలువ ఇస్తాడు. కాబట్టి ఈలోపే ఫోన్ చెయ్యి. ఆమ్లం సంగతి ఆయనకి నేను చూపిస్తాను, పెరాక్సైడ్ సీసా ఇంకా సగం ఉంది, ఆయన కళ్ల ముందే పోస్తాను. సరుగుడు నారు ధర కనుక్కుని నీకు విడిగా రాస్తాను. గట్టుకి గండి పెట్టే మాట మాత్రం ఫోన్‌లో నువ్వే కదుపు. తాతగారు కట్టిన గట్టు కదా, ఆ మాట బయటివాడిగా నేను అనకూడదు.

నీ
సూర్యం