మీ వాడి సంగతి

ప్రియమైన రఘూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ వాడి సంచిలో గంజాయి దొరికిందన్న వార్త కంటే, ‘వీడి మెదడు ఇక పనికిరాకుండా పోయినట్టేనా?’ అని నువ్వు రాసిన వాక్యమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. అలా ఏమీ పోలేదు. కోపంలో కూడా ఆ మాట వాడి ముందు అనకు. పదహారేళ్ల వయసులో తండ్రి నోట అలాంటిది వింటే నిజమేనని నమ్మి కూర్చుంటారు.

అలాగని మీ బావగారి ధీమా కూడా నాకు నచ్చలేదు. ‘మా రోజుల్లో మేమూ తాగాం, మాకేమైంది?’ అన్నారట! ఆయన తాగిన సరుకు వేరు, ఇప్పటిది వేరు. అమెరికాలో పోలీసులు పట్టుకున్న గంజాయిని పరీక్షిస్తే, మత్తునిచ్చే టీహెచ్‌సీ 1995లో సుమారు 4 శాతం ఉంది, 2014 నాటికి సుమారు 12 శాతానికి చేరింది. పైగా ఆయన మొదలుపెట్టిన వయసెంతో అడుగు. అసలు కిటుకంతా వయసులోనే ఉంది.

నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్పుకునేవాణ్ణే తప్ప వైద్యుణ్ణి కాను. అయినా ఈ ఒక్క విషయం కాస్త ఓపిగ్గా చెప్పనివ్వు. చిన్నతనంలో మెదడు తన కణాల మధ్య అవసరానికి మించి లంకెలు వేసుకుంటుంది. యుక్తవయసు వచ్చాక, తోటమాలి కొమ్మలు కత్తిరించినట్టు, వాడనివాటిని తీసేస్తూ వస్తుంది. ఆ పని అన్నిటికంటే చివర ముగిసేది నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో. ఆచితూచి ఆలోచించడం, తనను తాను ఆపుకోవడం అక్కడి వ్యవహారాలు. అది ఒక కొలిక్కి రావడానికి ఇరవై అయిదేళ్లు పడుతుంది.

ఇక గంజాయి చేసే పని చూడు. ఒక కణం నుంచి ఇంకో కణానికి సంకేతం వెళ్లినప్పుడు, అందుకున్న కణం అనాండమైడ్ లాంటి పదార్థాన్ని వెనక్కి వదులుతుంది. అది పంపిన కణం మీద ఉన్న సీబీ1 అనే గ్రాహకాన్ని, అంటే సంకేతాన్ని అందుకునే ప్రొటీన్‌ను తాకి, ‘ఇక చాలు, తగ్గించు’ అని చెబుతుంది. చెప్పిన కాసేపటికే ఎంజైములు దాన్ని విరగ్గొట్టేస్తాయి. ఎక్కడ అవసరమో అక్కడే, ఎంతసేపు అవసరమో అంతసేపే. టీహెచ్‌సీ కూడా పోయి అదే గ్రాహకాన్ని పట్టుకుంటుంది కానీ దానికి చోటూ వేళా ఉండవు. మెదడులో ఆ గ్రాహకాలు ఉన్న చోటల్లా ఒకేసారి, గంటల తరబడి ‘చాలు, చాలు’ అంటూనే ఉంటుంది. ఏ లంకె ఉండాలో, ఏది పోవాలో తేలే వయసులో ఆ తేల్చే పనిలో ఈ సంకేతాలకూ పాత్ర ఉంది. అందుకే నలభై ఏళ్లవాడు తాగడం, పదహారేళ్లవాడు తాగడం ఒకటి కావు.

తెలివి తగ్గిపోతుందా అని అడిగావు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని దశాబ్దాలపాటు గమనిస్తూ వచ్చారు. టీనేజీలోనే అలవాటుపడి ఏళ్ల తరబడి వదలనివాళ్లకు 38 ఏళ్లు వచ్చేసరికి ఐక్యూ సగటున 8 పాయింట్ల దాకా తగ్గిందని 2012లో ప్రకటించారు. పెద్దయ్యాక మొదలుపెట్టినవాళ్లలో అంత తరుగు కనబడలేదు. నువ్వు పేపర్లో చూసిన వార్త బహుశా దీని గురించే. కానీ 2016లో కవలల మీద వచ్చిన అధ్యయనంలో, తాగిన కవలకూ తాగని కవలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఆ తగ్గుదలలో కొంత ఇంటి పరిస్థితులదీ, పెంపకానిదీ కావచ్చు. జ్ఞాపకం, ఏకాగ్రత మందగించడం మాత్రం నిజమే. మీ వాడు ఒకే పేజీని మళ్లీ మళ్లీ చదువుతున్నాడని రాశావు కదా, అదే ఇది. ఇలాంటి 69 అధ్యయనాలను 2018లో కలిపి చూస్తే, మూడు రోజులకు మించి మానేసి ఉన్న పిల్లల్లో ఆ తేడా చాలావరకు కనబడలేదు. ఈ సంగతి వాడికి తప్పకుండా చెప్పు.

నాకు నిజంగా భయం వేసేది మతిభ్రమ విషయంలో. స్వీడన్‌లో సైన్యంలో చేరే వయసున్న 45 వేలమందికి పైగా యువకుల వివరాలు తీసుకుని పదిహేనేళ్లు గమనించారు. చేరే నాటికే 50 సార్లకు మించి గంజాయి తాగినవాళ్లకు స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు వచ్చే అవకాశం ఆరు రెట్లు కనబడిందని 1987లో రాశారు. ఇతర కారణాలను లెక్కలోకి తీసుకుంటే ఆ అంకె తగ్గుతుంది, అలా జబ్బుపడేవాళ్లూ మొత్తం మీద కొద్దిమందే. కానీ రక్తసంబంధీకుల్లో ఆ జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ముందే ఎక్కువ. రఘూ, మీ చిన్నాన్నగారి సంగతి నాకు ఎప్పుడో చెప్పావు. ఆ విషయం డాక్టరుకు చెప్పావా? పరువు సంగతి పక్కన పెట్టి చెప్పరా. వాడికి గొంతులు వినిపిస్తున్నాయన్నా, అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారన్నా ఒక్క రోజు కూడా ఆగకుండా మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లు.

పరీక్షల రాత్రుల్లో ఎవరో ఇచ్చిన మాత్రలు వేసుకున్నాడని ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. నన్నడిగితే దాన్నే ముందు రాయాల్సింది. అవి నిద్రను ఆపే ఆంఫెటమైన్ లాంటి ఉత్తేజకాలు అయి ఉండొచ్చు. అలాంటివి మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని ఒక్కసారిగా పెంచుతాయి. ఎలుకల్లో చూస్తే, డోపమైన్ నాడుల కొసలు యుక్తవయసులో కూడా ఇంకా ప్రీఫ్రంటల్ కార్టెక్స్ వైపు పెరుగుతూనే ఉంటాయి. ఆ దశలో ఎక్కువ మోతాదులో ఆంఫెటమైన్ ఇస్తే మగ ఎలుకల్లో ఆ పెరుగుదల దారి తప్పుతోందని మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంవారు చూపించారు. మనుషుల్లో అదే కోవకు చెందిన మెథాంఫెటమైన్‌కు బానిసలైనవాళ్లను పరీక్షిస్తే, ఏడాదికి పైగా మానేశాక డోపమైన్‌ను తిరిగి లోపలికి తీసుకునే ప్రొటీన్లు బాగానే కోలుకున్నాయి, జ్ఞాపకశక్తి పరీక్షల్లో మాత్రం అంతగా మెరుగుదల రాలేదు. ఒకటి గుర్తుంచుకో: ఏకాగ్రత కుదరని, నిలకడ లేని ఏడీహెచ్‌డీ అనే సమస్య ఉన్న పిల్లలకు డాక్టరు లెక్క చూసి ఇచ్చే మందు సంగతి వేరు. పక్కింటి అబ్బాయి ఆ మందు వాడుతున్నాడని చెల్లెమ్మ బెంగపడుతోందన్నావు, దీన్ని దానితో కలపవద్దని చెప్పు.

మానమంటే మానేస్తాడా? కొంచెం కష్టమే. గంజాయి రుచి చూసిన పదిమందిలో సుమారు ఒకరు దానికి బానిస అవుతారని అంచనా, టీనేజీలో మొదలుపెడితే ఆరుగురిలో ఒకరు. మానేసిన మొదటి వారం నిద్ర పట్టదు, ఆకలి ఉండదు, ప్రతిదానికీ విసుక్కుంటాడు, చిత్రమైన కలలు వస్తాయి. అది పొగరనుకుని చెయ్యి చేసుకోవద్దు. నువ్వు చేసుకోగలవు, నాకు తెలుసు. రెండు మూడు వారాలకు చాలావరకు సర్దుకుంటుంది. ఏం బాధ తట్టుకోలేక మొదలుపెట్టాడో ఆ వారాల్లోనే నిదానంగా అడుగు. నిద్ర పట్టక తాగేవాడికి నిద్ర కావాలి, నీ ఉపన్యాసం వాడికేం చేస్తుంది?

ఈ ఉత్తరం వాడికి చూపించాలనిపిస్తే నిరభ్యంతరంగా చూపించు, దాచవలసిందేమీ లేదు. ఆ మాత్రల పేరేమిటో, ఎన్ని వేసుకున్నాడో కనుక్కుని డాక్టరుకు చెప్పు, నాకూ రాయి.

నీ
శ్రీను