మంత్రి గారూ, ఆ రిపోర్టులో ఇంకో లైను పెట్టించండి

ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారమండీ,

చెప్పుకోడానికి సిగ్గుపడే విషయం, అందుకేనేమో ఎవరూ మీదాకా తేరు, నేను రాసేస్తున్నా. రెండో కాన్పు అయినప్పట్నుంచి నాకు మోషన్ ఆగదు. అర్జెంట్ అనిపించగానే గట్టిగానే బిగపడతా, కానీ బాత్రూమ్‌కి సగం దూరంలో పట్టు జారిపోతుంది. నా బ్యాగులో ఎప్పుడూ ఒక జత బట్టలుంటాయి.

చివరికి ధైర్యం చేసి యానోరెక్టల్ మానోమెట్రీ, అంటే మలద్వారం కండరాలు ఎంత గట్టిగా బిగుస్తాయో కొలిచే టెస్ట్, చేయించుకున్నా. పక్కకి తిప్పి పడుకోబెట్టి, సన్నటి ట్యూబ్ పెట్టి "బిగించండి" అన్నారు, ఐదు సెకన్లకే "వదిలేయండి" అన్నారు, ఇలా మూడుసార్లు, అంతే. రిపోర్టులో స్క్వీజ్ ప్రెషర్ నార్మల్ అని వచ్చింది. మరి నార్మలైతే ఆ బట్టలెందుకండీ మోస్తున్నా?

తర్వాత ఫిజియో మేడమ్ చెప్తే అర్థమైంది. మలద్వారం చుట్టూ రింగులా స్ఫింక్టర్ అనే కండరాలు రెండుంటాయట, లోపలిదొకటి, బయటిదొకటి. మామూలప్పుడు మూసి ఉంచే పని ఎక్కువగా లోపలి స్ఫింక్టర్‌ది, అది మన మాట వినదు. అర్జెంట్‌లో మనం బిగించేది బయటిది, అది చేతి కండరం లాంటిదే, కాసేపటికి అలిసిపోతుంది. బిందె ఎత్తగలవా అని చూసి, ఇంటిదాకా మోయగలవా అని చూడకుండా పంపేస్తే ఎలా?

ఇదేం కొత్త సంగతి కాదు. 1998లోనే ఫటీగ్ రేట్ ఇండెక్స్ అని ఒక లెక్క వచ్చింది, 40 సెకన్లు బిగపట్టమని, ప్రెషర్ ఎంత స్పీడుగా పడిపోతుందో చూసి, ఇలాగే పడితే పూర్తిగా అలిసిపోడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చెప్తారు. ఈ టెస్ట్ అందరూ ఒకేలా చేయాలని 2020లో వచ్చిన లండన్ ప్రోటోకాల్‌ అనే పద్ధతిలో కూడా 30 సెకన్ల లాంగ్ స్క్వీజ్ ఉంది. కొత్త మిషన్ అక్కర్లేదు, అదే ట్యూబ్, ఇంకో అర నిమిషం.

ఇదొక్కటే చాలదని నాకూ తెలుసు. కండరం చిరిగిందా లేదా అనేది స్కాన్‌లోనే తెలుస్తుంది, పైగా కొందరు లోపల బిగించకుండా పిరుదులు బిగించేస్తారు (మొదట్లో నేనూ అంతే), అప్పుడు రీడింగ్ తప్పొస్తుంది. అయినా బలం తక్కువా, ఓపిక తక్కువా అని తేలితేనే కదా ఏ ఎక్సర్‌సైజ్ ఇవ్వాలో తెలిసేది.

అందుకే ప్రభుత్వ ఆసుపత్రుల రిపోర్ట్ ఫారంలో "ఎంతసేపు ఆపగలిగారు" అని ఒక లైను పెట్టించండి.

ఇంకోటి సార్, ఆ టెస్ట్ రూమ్‌కి ఆనుకునే బాత్రూమ్ ఉండేట్టు చూడండి, టెస్టయ్యాక నన్ను కారిడార్ చివరిదాకా నడిపించారు.

ఇట్లు,
ఒక పేషెంట్