సర్వర్ డిస్కులతో తొందరపాటు వద్దు

సంపాదకుడు గారికి,

హనుమకొండలో పదిహేనేళ్లుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. మొన్న వానల్లో కరెంటు పోయి వచ్చి ఒక రైతుల సొసైటీ సర్వర్ ఆగిపోయింది. నేను వెళ్లేసరికే అక్కడి పిల్లగాడు టెన్షన్‌లో నాలుగు డిస్కులూ నంబర్లు వేయకుండా ఊడదీశాడు. ఒకటి డెస్క్‌టాప్‌కు తగిలించాడు. విండోస్ 'ఇనిషియలైజ్' చేయమంటారా అని అడిగితే ఓకే నొక్కాడు. నా గుండె ఝల్లుమంది. ఓకే అంటే డిస్కు మీద కొత్త పార్టిషన్ పట్టిక (డిస్కులో ఏ భాగం ఎక్కడుందో చెప్పే జాబితా) రాసేస్తుంది!

ఆ సర్వర్‌లో ఉన్నది రెయిడ్ 5, అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి. ఇందులో డేటా ముక్కలై అన్ని డిస్కుల మీదా ఉంటుంది. ఒక్క డిస్కులో ఫైళ్లు వెతికితే దొరకవు. ముక్కలు కలపాలంటే డిస్కుల వరుస తెలియాలి కాబట్టి ఊడదీసే ముందే స్లాట్ల వరుసలో 0, 1, 2, 3 అని స్టిక్కర్లు అంటించాలి. శాస్ డిస్కు (సర్వర్లలో వాడే రకం) మామూలు కంప్యూటర్లలో ఉండే సాటా పోర్టులో పట్టదు, దాన్ని తగిలించడానికి హెచ్‌బీఏ అనే కార్డు కావాలి. లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో ప్రతి డిస్కుకూ ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు పూర్తి కాపీ తీసి, పనంతా ఆ కాపీల మీదే చేయాలి. టకటక చప్పుడు వచ్చే డిస్కును మాత్రం అసలు ఆన్ చేయకండి, ల్యాబ్‌కే పంపండి.

రెయిడ్ 5లో ఒక డిస్కు పోయినా మిగతావాటితో డేటా తిరిగి తీయొచ్చు. మిగతా మూడు డిస్కులు బాగుండబట్టి, మూడు రాత్రులు కూర్చుని రైతుల అప్పుల లెక్కలు తిరిగి తీశాం. బడులు, దవాఖానలు, సొసైటీలు దయచేసి ఇవాళే సర్వర్ డిస్కులకు నంబర్లు వేయించండి, వేరే చోట బ్యాకప్ పెట్టించండి.

– ఒక కంప్యూటర్ టెక్నీషియన్, హనుమకొండ