దెజాలే మెట్ల మీద నా కాలు పట్టుకున్న పెద్దావిడకు

కాలు దిండు మీద పెట్టుకుని రాస్తున్నాను. మాత్రలు వేసుకున్నా నిద్ర పట్టట్లేదు. నిన్నటి నుంచి ఫోన్లు చేస్తూ, మెసేజీలు పెడుతూ ఉన్న అందరికీ ముందుగా ఒక మాట. నేను బాగానే ఉన్నాను. కుడికాలి చీలమండ దగ్గర చిన్న ఎముక చిట్లింది. ఆపరేషన్ అక్కర్లేదన్నారు, కట్టు వేశారు. నడక మాత్రం మధ్యలోనే ఆగిపోయింది. స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులో ఉన్న గ్రాండ్ సెయింట్ బెర్నార్డ్ కనుమ దాకా వెళ్ళాలన్నది ఈసారికి లేదు. దాని గురించి ఓదార్చకండి, ఇప్పుడు నాకున్న ఏడుపు దానికోసం కాదు.

నిన్న పొద్దున్న స్విట్జర్లాండ్‌లోని లోజాన్ దగ్గర ఊషీ రేవు నుంచి బయల్దేరాను. వియా ఫ్రాంచిజెనా అని ఇంగ్లండులోని కాంటర్‌బరీ నుంచి రోమ్ దాకా వెళ్ళే పాత యాత్రామార్గం. 990లో రోమ్ వెళ్ళిన ఆర్చిబిషప్ సిగెరిక్ తిరుగు దారిలో తను ఆగిన ఊళ్ళన్నీ రాసిపెట్టించాడు. ఆ జాబితాలో లోజాన్ ఉంది, వెవే ఉంది. ఆ రెండింటి మధ్యా లావో ద్రాక్షతోటలు. లుత్రీ దాటాక దారి కొండవాలు ఎక్కుతుంది. ఇక అక్కణ్ణుంచి ఎడమపక్క అంచెలంచెలుగా రాతిగోడలు, గోడ గోడకీ మధ్య నాలుగైదు వరసల తీగలు, కుడిపక్క కిందంతా జెనీవా సరస్సు, సరస్సు అవతల ఫ్రాన్సు కొండలు. పదకొండో శతాబ్దంలో మఠాల సన్యాసులు ఈ వాలు మీద తోటలు వేయడం మొదలుపెట్టారట. వెయ్యేళ్ళుగా మనుషులు రాళ్ళు మోసి, మట్టి మోసి నిలబెట్టుకున్న నేల ఇది. 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది కానీ, అంతకు ముప్ఫై ఏళ్ళ ముందే, 1977లో, ఈ తోటలున్న "వో" అనే రాష్ట్రం ప్రజలు ఓటేసి మరీ దీన్ని బంగళాల పాలు కాకుండా ఆపుకున్నారు. సరస్సు కనపడే నేలకి ఎంత ధర పలికి ఉంటుందో ఊహించండి. అయినా వద్దన్నారు. నేను నడిచింది వాళ్ళు మిగిల్చిన దారిలోనే కాబట్టి, ముఖం తెలియని ఆ ఓటర్లకి కూడా నా దండం.

కోతల రోజులు. ఎపెస్ ఊరు దాటేసరికి ఎక్కడ చూసినా మనుషులే. వంగి కత్తెరలతో గుత్తులు కోసి క్రేట్లలో వేస్తున్నారు. శాస్లా అనే తెల్లద్రాక్ష, పండాక తేనెరంగు తిరుగుతుంది. కందిరీగలు క్రేట్ల చుట్టూ ముసురుతున్నాయి. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ పలకరించారు. అంత సంతోషంగా నేనెప్పుడు నడిచానో నాకు గుర్తు లేదు.

దెజాలే అనే చోట వాలు బాగా నిటారు. పై బాటకీ కింది బాటకీ మధ్య గోడ పక్కనే సన్నటి రాతిమెట్లు ఉంటాయి. రాత్రి కురిసిన వానకి నాని ఉన్న ఒక రాయి కాలు పెట్టగానే పక్కకి కదిలింది. వీపున సంచీతో సహా కూలబడ్డాను. లేవబోతే లేవలేకపోయాను.

ఆవిడ పై వరసలో ఉన్నట్టుంది. చేతిలో కత్తెర పట్టుకునే దిగి వచ్చింది. డెబ్భై దాటి ఉంటాయి. తలకి గళ్ళ రుమాలు, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. వచ్చి కత్తెర గోడ మీద పెట్టి, సంచీ నా భుజాల నుంచి తప్పించి, నన్ను గోడకి ఆనించి కూర్చోబెట్టింది. గోడ వెచ్చగా ఉంది. ఇక్కడి ద్రాక్షకి మూడు సూర్యులంటారు. పైన ఒకటి, సరస్సు నీళ్ళలోంచి తిరిగి కొట్టేది ఒకటి, పగలంతా గోడలు పట్టి ఉంచుకునే వేడి మూడోది. ఆ మూడోది నా వీపుకి తగులుతుంటే అప్పటిదాకా వణికిన ఒళ్ళు కుదుటపడింది.

అప్పుడు ఆవిడ బురదలో మోకాళ్ళ మీద కూర్చుంది. నా బూటు లేసులు ముడి పడిపోయి ఉన్నాయి. రసం అంటుకుని, దాని మీద మట్టి పట్టి నల్లబడ్డ వేళ్ళతో ఆ ముడిని ఓపిగ్గా విప్పింది, ఎక్కడా లాగకుండా. బూటు తీసి, మేజోడు మడతలు మడతలుగా కిందికి దించి, నా పాదాన్ని ఎత్తి తన ఒళ్ళో పెట్టుకుంది.

నేను కాలు వెనక్కి లాక్కోబోయాను. "వద్దమ్మా, వద్దు" అని తెలుగులోనే వచ్చేసింది నోట్లోంచి. మన ఇళ్ళలో పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అంత పెద్దావిడ, మా అమ్మకన్నా పెద్దది, నా కాళ్ళు పట్టుకోవడమేమిటి. పెద్దవాళ్ళకి కాలు తగిలితేనే కళ్ళకద్దుకుంటాం. ఆవిడ మడమ కింద చెయ్యి వేసి కదలనివ్వలేదు. ఫ్రెంచిలో ఏదో అంది. గొంతు మాత్రం అర్థమైంది, జ్వరం వచ్చిన పిల్లకి నచ్చజెప్పే గొంతు. తలకున్న రుమాలు విప్పి, సీసాలో నీళ్ళు దాని మీద పోసి, పిండి, చీలమండ చుట్టూ చుట్టింది. నెరిసిన జుట్టు గాలికి మొహం మీద పడుతుంటే మోచేత్తో తోసుకుంటూ చుట్టింది.

నాకు ఏడుపొచ్చేసింది. మామూలుగా కాదు, వెక్కి వెక్కి. మా అమ్మ పోయినప్పుడు కూడా పనుల్లో పడి అంత ఏడవలేదు. ఆవిడ నొప్పికి ఏడుస్తున్నాననుకుని కంగారుపడి, పైకి తిరిగి కొడుకుని కేకేసింది. నొప్పి కాదని చెప్పడానికి నాకు భాష లేదు. ఆ మాట చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. అమ్మా, అది నొప్పి కాదు.

కొడుకు అంబులెన్సు నంబరు 144కి ఫోన్ చేసి మాట్లాడాడు. స్పృహలో ఉంది, దెబ్బ కాలికే అని చెబితే, రోడ్డు మీదికి తీసుకురాగలిగితే మీరే తీసుకొచ్చేయండి అన్నారట. ఆ మెట్ల మీద నన్ను మోయడం ఎవరి వల్లా కాదు. ఈ తోటల్లో ఒంటి పట్టా మీద పళ్ళచక్రంతో ఎక్కే చిన్న మోటారు బండి ఉంటుంది, ద్రాక్ష క్రేట్లు పైకి చేరవేయడానికి. అప్పటికే నిండుగా ఉన్న క్రేట్లని దించేశారు. పడమటివైపు మబ్బు కమ్ముతోంది, తడవకముందే పంట పైకి చేరాలి, ఒక్కొక్క నిమిషం వాళ్ళకి ఎంత విలువో నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కరూ విసుక్కోలేదు. క్రేట్లు దించిన చోట నన్ను కూర్చోబెట్టి, పట్టా పక్కనున్న మెట్ల మీదుగా, నా మోకాలి మీద చెయ్యి వేసి పట్టుకుని పైదాకా ఎక్కింది ఆవిడ. డెబ్భై దాటిన మనిషి!

కొడుకు వ్యాన్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఆవిడ బయల్దేరేముందు నా ఒళ్ళో రెండు గుత్తులు పెట్టి, నా చెంప తడిమి, మళ్ళీ తోటలోకి దిగిపోయింది. పేరు అడిగాను, చెప్పింది, కానీ ఇక్కడ రాయను. రాత్రి కొడుకు మళ్ళీ వచ్చి నన్ను ఇక్కడ బసలో దింపాడు. డబ్బు తీసుకోమంటే రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకున్నాడు.

ఇప్పుడు ఇంకో సంగతి కూడా చెప్పాలి, మనసులో పెట్టుకోలేకపోతున్నాను. షెంగెన్ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండి తీరాలి. మనం కడతాం. కట్టించుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది. నిన్న ఆసుపత్రివాళ్ళు బీమా కంపెనీ నుంచి హామీ పత్రమైనా తెప్పించండి, లేదా డిపాజిట్ కట్టండి అన్నారు. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుందని కార్డు మీద అచ్చేసిన నంబరుకి ఫోన్ చేస్తే పాట, పాట తర్వాత మళ్ళీ పాట. చివరికి ఎత్తినాయన అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో తెలుసా, "మేడమ్, ఇది సాహస క్రీడ కిందికి వస్తుందా?" ద్రాక్షతోటల మధ్య నడవడం సాహస క్రీడా? చేతికర్రలు పట్టుకుని ముసలివాళ్ళు, తోపుడుబండ్లలో పసిపిల్లల్ని తోసుకుంటూ తల్లులు నడుస్తున్న దారులవి. వైద్యుడి రిపోర్టు ఇంగ్లీషులో కావాలన్నాడు. ఫ్రెంచి మాట్లాడే ఊళ్ళో ఫ్రెంచిలోనే ఇస్తారు కదా! హామీ పత్రం ఇంతవరకూ రాలేదు. భాష రాని ఆవిడకి నా అవసరం ఒక్క చూపులో అర్థమైంది, నా భాషలోనే మాట్లాడే వీళ్ళకి అరగంట చెప్పినా అర్థం కాలేదు. ఇలాంటి క్లెయిమ్ నడిపించి గెలిచినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి దారి చెప్పండి, వదిలిపెట్టేది లేదు.

డిపాజిట్ మా ఆయన కార్డుతో కట్టారు. అబ్బాయి, అక్క, మరిది రాత్రంతా ఫోన్లో మేలుకునే ఉన్నారు. వాళ్ళకి థాంక్స్ చెబితే తిడతారు.

లోజాన్‌లో చదువుకుంటున్న మన తెలుగు పిల్లాడు, ఎవరో మిత్రుల ద్వారా నంబరు దొరికితే, పరిచయం లేకపోయినా ఆసుపత్రిలో అడిగినప్పుడల్లా ఫోన్లో ఫ్రెంచి చెప్పాడు. బాబూ, నువ్వే మాటిచ్చావు, ఇది ఆవిడకి ఫ్రెంచిలో చదివి వినిపిస్తానని. కాలు వెనక్కి లాక్కున్నది కోపంతోనో బెరుకుతోనో కాదని, మా దగ్గర పెద్దవాళ్ళ చేత కాళ్ళు ముట్టించుకోం అని, అది మాత్రం సరిగ్గా చెప్పు. రుమాలు నా దగ్గరే ఉండిపోయిందని, ఉతికి పెట్టానని కూడా.

మరిచిపోయాను, క్రేట్లు దించింది పోర్చుగల్ నుంచి కోతలకి వచ్చిన కూలీలు. ఒకాయన తన కోటు తీసి నా మీద కప్పాడు, మళ్ళీ తీసుకున్నాడో లేదో కూడా చూడలేదు. అయ్యో, ఎక్స్‌రే గదిలో నా చేతికర్రలు జాగ్రత్తగా మూలకి పెట్టి, వెళ్ళేటప్పుడు గుర్తుచేసిన కుర్రాడు. లుత్రీలో పొద్దున్న దారి తప్పకుండా నడకదారి చూపే పసుపు బోర్డు దాకా తీసుకెళ్ళిన స్కూలు పిల్లలు. మెట్ల మీద దొర్లిపోయిన నా నీళ్ళసీసాని కింది బాట నుంచి ఏరి తెచ్చి ఇచ్చిన జర్మన్ జంట.

ఇంకొకరు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. తన పని గంటలు అయిపోయాక కూడా ఆగి, బీమావాళ్ళకి కావాల్సిన వివరాలన్నీ ఇంగ్లీషులో ఒక కాగితం మీద తన చేత్తో రాసి, డాక్టరు చేత సంతకం చేయించి ఇచ్చారు. అది ఇప్పుడే స్కాన్ చేసి పంపాను.