మంత్రి గారూ, లాడ్జికి మెట్లెన్నో ముందే చెప్పించండి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర పర్యాటక శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

హైదరాబాద్‌ను మెడికల్ టూరిజానికి కేంద్రంగా చేస్తామని ప్రభుత్వం తరచూ చెబుతోంది. ఆ మాట వినగానే శంషాబాద్‌లో విమానం దిగే విదేశీయులే ఎవరికైనా గుర్తొస్తారు. ఆదిలాబాద్ నుంచో, ఖమ్మం నుంచో, అటు కర్నూలు నుంచో రిపోర్టుల కవరు చంకన పెట్టుకుని బస్సు దిగేవాళ్లు కూడా వైద్యం కోసం ఊరు దాటి వచ్చినవాళ్లే. నిమ్స్‌లో చూపించుకోవాలి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో చెకప్ ఉంది, ఎల్వీ ప్రసాద్‌లో కంటి పరీక్ష ఉంది. పొద్దున్నే ఓపీ లైన్లో నిలబడాలంటే ముందు రోజు రాత్రికే సిటీలో దిగాలి. ఆ ఒక్క రాత్రి బస గురించే ఈ ఉత్తరం.

నాది ఖమ్మం. చిన్నప్పుడు పోలియో వచ్చింది. కుడికాలికి క్యాలిపర్ (కాలు నిలవడానికి కట్టుకునే ఊత) ఉంది, చేతిలో కర్ర ఉంటుంది. యాభై దాటాక ఎడమ మోకాలు కూడా మొరాయిస్తోంది కాబట్టి కొంచెం దూరమైతే వీల్‌చైర్ కావాలి. తోడుగా మా ఆవిడ వస్తుంది. దివ్యాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ లేకపోయినా నాలాంటి అవస్థే పడేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. మోకాళ్లు అరిగిపోయిన పెద్దవాళ్లు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, తుంటి ఆపరేషన్ అయి కుట్లు విప్పించుకోవడానికి వచ్చినవాళ్లు. వీళ్లంతా లాడ్జి వెతుక్కునేటప్పుడు మొదట అడిగే ప్రశ్న ఒకటే.

“లిఫ్ట్ ఉందా అండీ?”

“ఉంది సార్.”

అబద్ధం కాదు, లిఫ్ట్ ఉంటుంది. కాకపోతే రోడ్డు మీద నుంచి ఆరేడు గ్రానైట్ మెట్లు ఎక్కాక, రిసెప్షన్ పక్కన ఉంటుంది. కొన్నిచోట్ల మెట్ల మలుపు దగ్గర ఆగుతుంది, అక్కణ్నుంచి గదికి పైకో కిందికో ఇంకో సగం అంతస్తు నడవాలి. ఇంకొన్నిచోట్ల మెట్ల సందులో ఇరికించిన నలుగురి లిఫ్ట్, దాని తలుపు రెండడుగులు. మన మెడికల్ షాపుల్లో దొరికే మామూలు మడత వీల్‌చైర్ వెడల్పు దాదాపు 26 అంగుళాలు. మనిషిని లోపల నిలబెట్టి, కుర్చీ మడిచి, దాన్ని వెనక ట్రిప్పులో పంపించాలి. నిలబడలేని మనిషైతే ఆ లిఫ్ట్ ఉన్నా లేనట్టే.

ఇదంతా ఎవరో పని గట్టుకుని చేసింది కాదు. చిన్న స్థలంలో కార్లకి చోటు కావాలి కాబట్టి సగం సెల్లార్ తవ్వుతారు. దాంతో గ్రౌండ్ ఫ్లోర్ నాలుగడుగులు పైకి లేస్తుంది. ముందు ఖాళీ వదలరు కాబట్టి మెట్లు ఫుట్‌పాత్ అంచుకి వచ్చేస్తాయి. ఫోన్లో “గ్రౌండ్ ఫ్లోర్ రూమే సార్” అన్నవాడి మాట వాడి లెక్కలో నిజమే.

ఇక బాత్రూం. ఓ పెద్దాస్పత్రికి దగ్గర్లో మేం దిగిన ఒక లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. బాత్రూం నేల మాత్రం గది నేల కంటే జానెడు ఎత్తు. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, సగం తెరిస్తే కమోడ్‌కి కొట్టుకుంటుంది. కర్రతో సహా లోపలికి వెళ్లి తలుపు వేసుకోవాలంటే వాష్‌బేసిన్ మీదకి ఒరిగి నిలబడాలి. పట్టుకోవడానికి ఉన్నది టవల్ రాడ్డు ఒక్కటే, దానికి ఒక వైపు స్క్రూ ఊడిపోయింది. చివరికి తలుపు తెరిచే ఉంచి, మా ఆవిడ గది బయటి తలుపుకి గొళ్లెం పెట్టి కాపలా నిలబడింది. రూమ్ బాయ్ మంచి కుర్రాడు. “అంకుల్, కుర్చీ వేసుకుని స్నానం చేద్దురు” అని ప్లాస్టిక్ కుర్చీ తెచ్చిచ్చాడు. అది లోపల పట్టలేదు.

దీనికీ కారణం ఉంది. ఇలాంటి లాడ్జిల్లో చాలా వరకు ఒకప్పుడు ఫ్లాట్లో ఇళ్లో అయినవే. ప్రతి గదికీ అటాచ్డ్ బాత్రూం ఇవ్వాలంటే పైపుకి వాలు కావాలి. స్లాబు కింద చోటుండదు కాబట్టి స్లాబు పైనే పైపు వేసి, దాని మీద నేల లేపుతారు. రెండు కాళ్లు బాగున్నవాళ్లకి ఆ మెట్టు కంటికి కూడా ఆనదు.

చౌక సంగతి కూడా చెప్పాలి. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు. లిఫ్ట్ నేల మట్టం నుంచే మొదలయ్యే హోటళ్లలో రెండు రాత్రులు ఉంటే అందులో ఏం మిగలదు. రోజుకి 7,500 దాటని గది అద్దె మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం బదులు 5 శాతమే అయింది, సంతోషం. కానీ ఎనిమిది వందల గది మాలాంటి వాళ్లకి ఎనిమిది వందలకి రాదు. సందులోకి రమ్మంటే ఆటోవాడు రెట్టింపు అడుగుతాడు. ఆస్పత్రికి పోను, రాను, మధ్యాహ్నం స్కానింగ్‌కి మళ్లీ పోను. వీల్‌చైర్ మెట్లెక్కించిన ఇద్దరికీ చేతిలో ఏదో ఒకటి పెట్టాలి. పైగా తోడు వచ్చిన మనిషికి ‘ఎక్స్‌ట్రా పర్సన్’ అని ఇంకో మూడొందలు. తోడు లేకుండా ప్రయాణం చేయలేని దివ్యాంగుడికి రైల్వే స్లీపర్‌లో 75 శాతం రాయితీ ఇస్తుంది, అంతే రాయితీ వెంట వచ్చే మనిషికీ ఇస్తుంది. రైలు దిగిన రాత్రికే ఆ మనిషి అదనపు మనిషి అయిపోతోంది.

ఆన్‌లైన్ బుకింగ్ యాప్‌లలో వీల్‌చైర్ గుర్తు పెట్టి ఒక టిక్కు ఉంటుంది. ఆ టిక్కు ఎవరు పెట్టారో, ఏం చూసి పెట్టారో అడిగే నాథుడు లేడు. ఒకచోట ఆ గుర్తు చూసి వెళ్తే, “మా దగ్గర వీల్‌చైర్ ఉంది సార్, అందుకే పెట్టాం” అన్నారు. నిజంగానే ఉంది. మెట్ల పైన, రిసెప్షన్‌లో!

మంత్రి గారూ, మధ్యలో తోటివాళ్లకి ఒక మాట చెప్పి మళ్లీ మీ దగ్గరికి వస్తాను. లిఫ్ట్ ఉందా అని అడక్కండి. “రోడ్డు మీద నుంచి నా మంచం దాకా మొత్తం ఎన్ని మెట్లు, బాత్రూం మెట్టుతో కలిపి చెప్పండి” అని అడగండి. బాత్రూం తలుపు తెరిచి వాట్సాప్‌లో వీడియో పంపమనండి. విసుక్కుంటే ఆ లాడ్జి వద్దు. ఆస్పత్రి ఉన్న వైపే గది చూసుకోండి, ఎదురుగానే కదా అని రోడ్డు అవతల తీసుకుంటే ఆ ట్రాఫిక్‌లో దాటడానికి ఆటో మాట్లాడుకోవాల్సి వస్తుంది. మెట్రో స్టేషన్ పక్కన దొరికితే మూడొందలు ఎక్కువైనా అదే చౌక.

మెట్రో మాట ఎందుకంటే, ప్రభుత్వం తలుచుకుంటే ఏం చేయగలదో అక్కడ కనిపిస్తుంది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా రైలు మొదలయ్యాక, ఖమ్మం బస్సులో ఎంజీబీఎస్ బస్టాండ్‌లో దిగినవాడు పక్కనే ఉన్న స్టేషన్‌లో లిఫ్ట్ ఎక్కి, రైలు మారకుండా నిమ్స్‌కి దగ్గరున్న పంజాగుట్టలోనో ఎర్రమంజిల్‌లోనో దిగి, మళ్లీ లిఫ్ట్‌లో కిందికి రావచ్చు. ఆ బస్సు ఎక్కడమే ఒక యుద్ధం, అది రవాణా మంత్రి గారికి రాయాల్సిన ఇంకో ఉత్తరం. సిటీలో ఇంత దూరం ఎవరి చేయీ పట్టుకోకుండా వచ్చినవాడు లాడ్జి ముందు ఆరు మెట్ల దగ్గర ఆగిపోయి, పాన్ డబ్బా దగ్గర నిలబడ్డవాళ్లని “అన్నా, కొంచెం సాయం పట్టవా” అని పిలవాల్సి వస్తోంది.

చట్టం లేదా అంటే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం జనం వాడే భవనం ప్రైవేటుదైనా ప్రజా భవనమే. కొత్త భవనం అందరికీ అందుబాటులో లేకపోతే ప్లాన్‌కి అనుమతి ఇవ్వకూడదని 44వ సెక్షన్ చెబుతోంది. పాత వాటిని ఐదేళ్లలో మార్చాలని 45వ సెక్షన్ అంటోంది. నిబంధనలు వచ్చింది 2017 జూన్‌లో. అంటే గడువు 2022 జూన్‌తోనే తీరిపోయింది. ఉల్లంఘిస్తే మొదటిసారి పది వేల దాకా, ఆ తర్వాత యాభై వేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షన్‌లో ఉంది.

2024 నవంబరు 8న సుప్రీంకోర్టు రాజీవ్ రాతూరి కేసులో, అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోతే కుదరదని, తప్పనిసరిగా పాటించాల్సిన కనీస నిబంధనలు వేరుగా రాయాలని చెప్పింది. ఆ కేసులో దేశంలో పరిస్థితి ఎలా ఉందో కోర్టుకి నివేదిక ఇచ్చింది మన శామీర్‌పేటలోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయమే. మన ఊళ్లో రాసిన నివేదిక మన లాడ్జిల దాకా రావడానికి ఢిల్లీ నుంచి కబురు రానక్కర్లేదు.

అలాగని రేపే లాడ్జిలన్నీ మూయించమని నేను అడగడం లేదు. అవి మూతపడితే ముందు రోడ్డున పడేది మేమే. ర్యాంప్ వేయమని మొండిగా కూర్చోవడమూ లేదు. ప్రమాణం ప్రకారం అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల వాలు ఉండాలి. మూడడుగుల గడపకి 36 అడుగుల ర్యాంప్ కావాలి. చాలా లాడ్జిలకి ముందు మూడడుగుల చోటు లేదు. అందుకే కొందరు మెట్ల మీద రేకు పరిచి ర్యాంప్ అంటున్నారు. దాని మీద వీల్‌చైర్ తోయడం కంటే మనిషిని ఎత్తుకుపోవడమే క్షేమం.

నేను అడిగే మొదటి పని ఖర్చు లేనిది. ప్రతి లాడ్జీ, హోటలూ తన కొలతలు బయటపెట్టాలి. రోడ్డు నుంచి రిసెప్షన్‌కి ఎన్ని మెట్లు, లిఫ్ట్ ఏ మట్టం నుంచి మొదలై ఎక్కడ ఆగుతుంది, దాని తలుపు ఎన్ని అంగుళాలు, బాత్రూం నేల ఎంత ఎత్తు, తలుపు ఎంత వెడల్పు, వెస్టర్న్ కమోడ్ ఉందా లేదా, పక్కన పట్టుకోవడానికి రాడ్డు ఉందా. రిసెప్షన్ గోడ మీద అద్దెల పట్టిక పక్కనే ఇదీ ఉండాలి, యాప్‌లోనూ ఇదే ఉండాలి. ట్రేడ్ లైసెన్సు రెన్యువల్‌కి వచ్చినప్పుడు ఆ కాగితం ఫొటోలతో సహా తీసుకోండి. తప్పు రాసినవాడికి జరిమానా వేయండి. లైసెన్సు మున్సిపల్ శాఖది, మనది కాదు అని మీ పేషీలో ఎవరో ఒకరు అంటారు. అంటే ఆ ఫైలు అక్కడికి మీరే పంపండి. సాటి మంత్రి అడిగితే ఒప్పుకుంటారు, నేను అడిగితే రసీదు ఇస్తారు.

రెండోది, పెద్దాస్పత్రుల చుట్టుపక్కల ఉన్న లాడ్జిల్లో కింది అంతస్తులోనో, లిఫ్ట్ నేరుగా అందే చోటో ఒక్క గది. ఆ బాత్రూం తలుపుని బయటికి తెరుచుకునేలా మార్చడం, కమోడ్ పక్కన గోడకి గట్టి స్టీలు రాడ్లు బిగించడం, జారని టైల్స్ వేయడం. తలుపు తిప్పి బిగించడానికీ రాడ్లకీ ఒక వడ్రంగి, ఒక ప్లంబర్ ఒక రోజు చేస్తే చాలు. రాత్రి ఎనిమిదింటి దాకా ఆ గది అవసరమున్నవాళ్ల కోసం ఆపి, ఎవరూ రాకపోతే ఎవరికైనా ఇచ్చుకోమనండి. తోడు వచ్చిన ఒక మనిషికి అదనపు అద్దె వద్దని కూడా చెప్పించండి. స్టార్ హోటళ్ల గుర్తింపుకి ఇలాంటి గది కనీసం ఒకటి ఉండాలని కేంద్ర పర్యాటక శాఖ నిబంధనల్లో ఉంది. స్టార్ లేని లాడ్జిలోనే మాలాంటి వాళ్లు ఎక్కువగా దిగుతారు, అక్కడ అడిగేవాళ్లే లేరు.

ఇవన్నీ ప్రైవేటువాళ్లకి చెప్పే ముందు బేగంపేట హరిత ప్లాజాతో మొదలుపెట్టి, పర్యాటక సంస్థ చేతిలో ఉన్న హరిత హోటళ్లన్నింటి కొలతలూ మీ వెబ్‌సైట్‌లో పెట్టించండి. ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు. యాదగిరిగుట్ట వెళ్లాలనుకునే ముసలాయన, రామప్ప చూడాలనుకునే వీల్‌చైర్ పిల్ల ఫోన్ చేసి బతిమాలకుండా ముందే నిర్ణయించుకోగలుగుతారు. దీనికి జీవో కూడా అక్కర్లేదు. మీ మేనేజర్లకి టేపు, ఫోను ఇచ్చి ఒక వారం గడువు పెడితే అయిపోతుంది.

ఆ పేజీ తయారయ్యాక దాన్ని ఒకసారి మాచేత చదివించండి. ఏ కొలత మరిచిపోయారో చూడగానే చెప్పగలం. ఫీజు అడగం, సెక్రటేరియట్‌లో మెట్లు లేని దారి ఏ గేటు వైపు ఉందో చెబితే చాలు, వస్తాం.

ఇట్లు,
ఖమ్మం నుంచి,
చెకప్ కోసం మళ్లీ హైదరాబాద్‌లో గది వెతుక్కుంటున్న ఒక దివ్యాంగుడు